సీటొచ్చినంక ఏమైతున్నది?

చిలుకూరు బాలాజీ గుడికి ఎవరు పోతారో మొయినాబాద్ మండలంలో చిన్నపిల్లలను అడిగినా చెప్తారు. అమెరికా వీసా కోసం మొక్కుకునేటోళ్లు పోతారు. మొక్కేటప్పుడు 11 చుట్లు, పని అయినంక 108 చుట్లు. లెక్క తప్పకుండా చేతిలో అట్టముక్క పట్టుకొని ఒక్కో చుట్టుకు ఒక్కో గీత పెట్టుకుంటూ తిరుగుతారు. మన వాడల నుంచి యూనివర్సిటీకి పోయిన పిల్లలు కూడా తిరుగుతూనే ఉన్నారు. స్కాలర్‌షిప్పు సెక్షన్ చుట్టూ, హాస్టల్ ఆఫీసు చుట్టూ, గైడు సారు రూము చుట్టూ. ఎన్ని చుట్లు తిరిగితే పని అయితదో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఈ సంచిక సంపాదకీయం ఆ తిరుగుడు గురించి.

కొన్ని నెలలుగా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఊళ్ల నుంచి పెద్ద యూనివర్సిటీలకు పోయి చదువుతున్న వాళ్లతో, చదివి వచ్చిన వాళ్లతో, మధ్యలో విడిచిపెట్టి ఇంటికి చేరిన వాళ్లతో మన కార్యకర్తలు కూర్చొని మాట్లాడారు. అందరూ మన మాల, మాదిగ వాడల పిల్లలే. మొదట ఎవరూ నోరు విప్పలేదు. ఏముందన్నా, మంచిగనే ఉన్నది అన్నారు. రెండోసారి ఛాయ్ తాగినంక అసలు సంగతులు బయటికొచ్చాయి. పేర్లు మాత్రం వేయొద్దన్నారు. ఒకరికి వైవా కావాల్సి ఉంది, ఒకరికి సర్టిఫికెట్ రావాల్సి ఉంది, ఇంకొకరికి ఫెలోషిప్ కాగితం మీద సంతకం పడాలె. అందుకే పిల్లల సొంత సంగతులు చెప్పేచోట వాళ్ల పేరు లేదు, యూనివర్సిటీ పేరు లేదు, సారు పేరు లేదు. లోకమంతా ఎరిగిన సంగతులకు మాత్రం పేరు పెట్టే రాస్తున్నాం.

ముందు మంచి చెప్పాలె. పిల్లలు కూడా ముందు అదే చెప్పారు. ఒక చెల్లె చెప్పిన మాట: ఆమె జన్మలో మొదటిసారి ఆమెకంటూ ఒక టేబుల్, ఒక లైటు దొరికింది హాస్టల్లోనే. ఇంట్లో రాత్రి తొమ్మిదైతే బల్బు ఆర్పేస్తారు, పొద్దున్నే టమాట తెంపడానికి కూలికి పోవాలె కాబట్టి. లైబ్రరీలో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే స్వేచ్ఛ ఆమెకు వింతగా ఉండెనట. ఇంకొక తమ్ముడు అంబేద్కర్ రచనల సంపుటాలు వరుసగా అరలో పేర్చి ఉంటే చూసి, ఈయన ఇంత రాసిండా అని నిలబడిపోయిండు. ఊళ్లో మనం ఏటా దండలేసే విగ్రహం చేతిలో ఒక్క పుస్తకమే ఉంటది గదా. యూనివర్సిటీకి పోతేనే ఊరు అర్థమైందని చాలామంది అన్నారు. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఊరు, వాడ, చెరువు, ఎవరి భూమి ఎక్కడ, ఎవరి గుడిసె ఎక్కడ, ఇదంతా దేవుడు పెట్టింది కాదని తెలిసింది అక్కడే.

కనుక ఈ రాత చదివి ఎవరూ పిల్లల చదువు ఆపొద్దు. ఆపడానికి రాస్తున్నది కాదిది.

మన దగ్గర అలవాటు ఒకటి ఉన్నది. పిల్లగాడికి యూనివర్సిటీలో సీటు వస్తే వాడంతా సంబరం చేస్తాం. స్వీట్లు పంచుతాం, అంబేద్కర్ విగ్రహం ముందు శాలువా కప్పి ఫొటో దిగుతాం, ఈ మధ్య ఫ్లెక్సీ కూడా కడుతున్నాం. మరుసటి రోజు వాడు సంచి పట్టుకొని బస్సెక్కుతాడు. మళ్లీ మనకు వాడు గుర్తొచ్చేది దసరాకు ఇంటికొచ్చినప్పుడు. ఇంక ఎన్నేండ్లురా అని అడుగుతాం, కొలువెప్పుడొస్తది అని అడుగుతాం. లోపల ఏం జరుగుతున్నది అని అడగం. వాడూ చెప్పడు. అమ్మకు చెప్తే ఏడుస్తది, నాయనకు చెప్తే వచ్చేయమంటడు.

ఆ బస్సు సంగతి కూడా చిన్నది కాదు. చేవెళ్ల నుంచి మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్, అజీజ్‌నగర్ దాటి మెహిదీపట్నం చేరాలె, అక్కడ దిగి ఉస్మానియాకు ఇంకో బస్సు పట్టాలె. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలబుట్టలు పోయే బస్సుల్లోనే నోట్సు ఒళ్లో పెట్టుకొని నిలబడి పోతారు మన పిల్లలు. హాస్టల్ దొరకకపోతే రోజూ ఇదే బతుకు. 2025 నవంబర్ 3 పొద్దున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు బస్సును గుద్దితే 19 మంది ప్రాణాలు పోయాయి. అందులో సెలవుకు ఇంటికొచ్చి పట్నం కాలేజీలకు తిరిగి పోతున్న ఆడపిల్లలు ఉన్నారు. ఆ రోడ్డు మీద మొయినాబాద్ దిక్కు వచ్చే కాలేజీ బస్సులు కూడా బోలెడు. పట్నం పిల్లలు మన మండలంలోని ఇంజనీరింగ్ కాలేజీలకు సీట్లలో కూర్చొని వస్తారు, మన పిల్లలు పట్నానికి నిలబడి పోతారు. ఆ కాలేజీల్లో ఊడ్చే పనికి మాత్రం మన అమ్మలు పోతారు.

సరే, చేరినంక మొదటి గోడ భాషది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టింది. దేశభాషలో పెద్ద చదువు చెప్పాలని పెట్టిన యూనివర్సిటీ అని గొప్పగా చెప్తారు. నిజమే, డాక్టరీ, ఇంజనీరింగ్ దాకా ఉర్దూలో చెప్పారు, పుస్తకాలు తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఒక శాఖనే నడిపారు. కానీ చేవెళ్ల, మొయినాబాద్ వాడల్లో మాట్లాడేది తెలుగు. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. రాజు భాష పోయి దొర భాష వచ్చిందన్న మాట. భాగ్యరెడ్డి వర్మ లాంటి మన పెద్దలు అంతకు ఎంతో ముందే పట్నంలో ఆది హిందూ పిల్లల కోసం సొంతంగా తెలుగు బడులు పెట్టారంటే ఈ గోడ వాళ్లకు అప్పుడే కనపడ్డట్టే లెక్క.

ఇప్పుడు కొన్ని సబ్జెక్టుల్లో తెలుగులో పరీక్ష రాయొచ్చు. కాని పాఠం ఇంగ్లీషులో, పుస్తకం ఇంగ్లీషులో, సెమినార్ ఇంగ్లీషులో. మన పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసా? సారు చెప్పే ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకొని, రాత్రి రూముకు పోయి డిక్షనరీలో వెతుక్కుంటున్నారు. స్పెల్లింగ్ తెలియదు కాబట్టి అది ఎక్కడుందో దొరకదు. హెజిమొనీ అంటే ఎవరో పెద్దమనిషి పేరనుకొని నెలరోజులు నోట్సు రాసుకున్నానని ఒక తమ్ముడు నవ్వుతూ చెప్పిండు. మేమూ నవ్వినం. కాని ఆ నెలరోజులు వాడు క్లాసులో నోరెత్తలేదు. నోరెత్తని పిల్లగాడిని సారు మందబుద్ధి అని ఖాతాలో వేసిండు. ఇంటర్నల్ మార్కులు ఆ ఖాతా చూసే పడతాయి. మొదటి సెమిస్టర్ పోతే బ్యాక్‌లాగ్, బ్యాక్‌లాగ్ ఉంటే కోటాగాళ్లు గిట్లనే ఉంటరు అనే మాట.

ఇంగ్లీషు వద్దని మేం అనం. అగ్రకులాల పెద్దలు సొంత పిల్లలను కాన్వెంటుకు పంపి మనకు మాతృభాష గొప్పతనం మీద ఉపన్యాసాలు ఇస్తారు, ఆ ఉపన్యాసాలు వాళ్ల దగ్గరే ఉంచుకోవచ్చు. మన పిల్లలకు ఇంగ్లీషు కావాలె. అయితే గోడ ఎక్కమన్నప్పుడు నిచ్చెన కూడా ఇయ్యాలె గదా? మొదటి ఆరు నెలలు సాయంత్రం పూట భాష నేర్పే తరగతి మొక్కుబడికి కాకుండా నిజంగా నడిపితే చాలా గండాలు గట్టెక్కుతాయని పిల్లలందరూ ఒక్క తీరుగ చెప్పారు. ఇప్పుడు ఆ పని చేస్తున్నది ఎవరంటే మన సీనియర్ విద్యార్థులు. పరీక్షకు వారం ముందు ఒక రూములో పదిమందిని కూర్చోబెట్టి అర్థం చెప్తున్నది వాళ్లే. జీతం లేని మాస్టర్లు.

హాస్టల్ దగ్గర ఒక మాట ఉన్నది, ఊళ్లో చాలామందికి తెలియదు. నాన్‌బోర్డర్. అంటే లిస్టులో పేరు లేకుండా దోస్తు రూములో చాప వేసుకొని పండుకునేటోడు. ఇద్దరు ఉండాల్సిన రూములో నలుగురు, ఐదుగురు. కొలువు నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసేటోళ్లు, పీజీ అయిపోయినా ఊరికి ఉత్తచేతులతో పోలేనోళ్లు. వీళ్ల మీద అప్పుడప్పుడు తనిఖీలు పెడతారు. పోలీసులు వస్తున్నరంటే అర్ధరాత్రి పుస్తకాలు చంకనపెట్టుకొని బయటికి నడిచేటోళ్లు ఎక్కువమంది మనోళ్లే. ఇంక మెస్సులో ఏం తినాలె అన్నది కూడా కొట్లాటే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే ఎంత గొడవ చేశారో అందరం చూసినం. మన తాతల తిండి తింటే చదువు మైల పడ్డదట.

పైసల సంగతికి వద్దాం. మెట్రిక్ తర్వాత చదువుకు ఇచ్చే స్కాలర్‌షిప్పు 1944లో, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడు మొదలైంది. సర్కారు దయ తలచి ఇచ్చే బిచ్చం కాదది. ఆ పైసల్లో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు పెట్టాలని 2020 డిసెంబర్‌లో తీర్మానించారు. ఎవరి పాళ్లు ఎన్నైనా పిల్లలకు చేరేసరికి ఏడాది, రెండేండ్లు గడిచిపోతున్నాయి. ఫీజు బకాయిలు రావడం లేదని 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు కాలేజీలే బంద్ పెట్టాయి. యాజమాన్యం బంద్ పెడితే మంత్రులు పిలిచి మాట్లాడతారు. మన పిల్లగాడికి మెస్సు బిల్లు రాకపోతే ఎవరు పిలుస్తారు? కోర్సు అయిపోయినంక టీసీ ఇయ్యమంటే, సర్కారు పైసలు రాలేదు, నువ్వే కట్టి తీసుకపో అంటున్నారు. కట్టలేక సర్టిఫికెట్ లేక, కొలువు దరఖాస్తు తేదీ దాటిపోయి, ఫాంహౌసులో వాచ్‌మన్ పనికి చేరిన పట్టభద్రుడు మన మండలంలో ఉన్నాడు. ఆ ఫాంహౌసు ఉన్న జాగా ఒకప్పుడు వాడ మనిషికి అసైన్డ్ పట్టా అయిన భూమే అని వేరే చెప్పాల్నా?

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. చేర్చుకునేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇయ్యాలె, కాలేజీ దగ్గర దాచుకోకూడదు అని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కౌంటర్‌లో తీసుకొని బీరువాలో పెడుతుంటే ఊరుకోకండి. జిరాక్స్ ఇచ్చి, రసీదు అడగండి.

పీహెచ్‌డీ పిల్లల కష్టం ఇంకో రకం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర యూనివర్సిటీల్లో నెట్ పాసు కాకున్నా నెలకు 8,000 ఫెలోషిప్ ఉన్నది. ఉస్మానియా లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ ఫెలోషిప్ లేదు. ఎస్సీ విద్యార్థులకు వేరే జాతీయ ఫెలోషిప్ ఉన్నది, అది దేశం మొత్తం మీద ఏడాదికి 2,000 మందికి, అదీ నెట్ దారిలో వచ్చినోళ్లకే. మిగతావాళ్లు ఏం తిని పరిశోధన చేయాలె? పొద్దున ఏదో కాలేజీలో గంటల లెక్కన పాఠం చెప్తారు, సాయంత్రం కోచింగ్ సెంటర్లో పేపర్లు దిద్దుతారు, రాత్రి థీసిస్ రాస్తారు. 2023లో ఉస్మానియాలో పీహెచ్‌డీ ఫీజును పదింతల దాకా పెంచితే విద్యార్థులు రోడ్డెక్కారు. ఐదేండ్లయినా థీసిస్ కాలేదేంది అని ఊళ్లో అడిగేటోళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలె.

ఇంక గైడు. మాట్లాడిన పీహెచ్‌డీ పిల్లల్లో ఒక్కరు కూడా ఈ మాట ఎత్తకుండా లేవలేదు. ఊళ్లో చాలామందికి గైడు అంటే గుడిలో చరిత్ర చెప్పేటోడు. యూనివర్సిటీలో గైడు అంటే పిల్లగాడి నసీబు రాసేటోడు. ఏ విషయం మీద పరిశోధన చేయాలె, ఎప్పుడు అధ్యాయం ఒప్పుకోవాలె, ఫెలోషిప్ కాగితం మీద ఎప్పుడు సంతకం పెట్టాలె, ఎప్పుడు థీసిస్ జమ చేయనియ్యాలె, అన్నీ ఆయన చేతిలోనే. ఒక అన్న మాకు చెప్పిండు: చేవెళ్ల నుంచి వచ్చినవా, మీ దిక్కు టమాటలు, క్యారెట్లు మంచిగుంటయట గదా అని గైడు మొదటి రోజే అడిగిండట. అది మాటకు అడిగిందనుకున్నడు. తర్వాత ప్రతి పదిహేను రోజులకు ఒక సంచి పోవాల్సి వచ్చింది. వాళ్లకు సొంత చేను లేదు. అమ్మ కూలికి పోయే చేనులోనే పైసలిచ్చి కొని, బస్సులో మోసుకపోయి సారు ఇంట్లో దించిండు. మన తాతలు దొర గడికి పెండ్లికి, చావుకు వెట్టి మోశారు. మనుమడు డాక్టరేట్ కోసం టమాటలు మోసిండు. నాలుగేండ్లు. సంచి బరువు గురించి ఆ అన్నకు బాధ లేదు, మిగతా స్కాలర్లను ఎన్నడూ ఇట్ల అడగలేదన్నదే బాధ.

ఇంకో తమ్ముడు తన సొంత మండలం మీద పరిశోధన చేస్తానన్నడు. జంట జలాశయాలను కాపాడాలని 1996లో తెచ్చిన 111 జీవో కింద 84 గ్రామాలున్నాయి గదా, మొయినాబాద్ మండలం అందులోనే ఉన్నది. ఆ ఊళ్లలో దళితుల అసైన్డ్ భూములు ఎవరి చేతికి ఎట్ల పోయినయి అన్నది రాస్తానన్నడు. అది సబ్జెక్టు కాదు, వేరేది చూసుకో అన్నరు. ఎందుకు కాదో చెప్పలేదు. చివరికి వాడు ఎన్నడూ చూడని దేశం విధానాల మీద థీసిస్ రాస్తున్నడు. మన భూమి ముచ్చట మన పిల్లగాడు రాస్తే సబ్జెక్టు కాదు, రేపు ఎవరో బయటినుంచి వచ్చి రాస్తే పుస్తకమైతది.

గైడ్ల కరువు ఊరికే రాలేదు. యూజీసీ నిబంధన ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురికి మించి పీహెచ్‌డీ గైడుగా ఉండకూడదు. పర్మినెంట్ అధ్యాపకులే గైడుగా ఉండాలె, కాంట్రాక్టు సార్లకు ఆ హక్కు లేదు. ఉస్మానియాలో అధ్యాపకుల పోస్టులు సగానికి పైగా ఖాళీ పడ్డాయి. 2014లో తెలంగాణ వచ్చినంక పదేండ్లు దాటినా పర్మినెంట్ అధ్యాపకుల భర్తీ జరగలేదు. 2022లో అసెంబ్లీ ఉమ్మడి నియామక బోర్డు అని ఒక బిల్లు పాసు చేస్తే అది గవర్నర్ దగ్గర ఆగిపోయింది. పెద్దసార్లు ఒక్కరొక్కరే రిటైర్ అయి పోతుంటే గైడ్ల సీట్లు కరిగిపోయాయి. ఉన్న కొద్దిమంది దగ్గర చోటు ఎవరికి దొరుకుతది? ముందే పరిచయం ఉన్నోడికి, ఇంటిపేరు చెప్తే అర్థమయ్యేటోడికి. రోస్టర్ ప్రకారం భర్తీ జరిగి ఉంటే ఈపాటికి మన పిల్లలే కొందరు ఆ కుర్చీల్లో కూర్చొని మన పిల్లలకు గైడ్లయి ఉండేవాళ్లు. ఖాళీ పోస్టు అంటే మనకు రెండు దెబ్బలు.

దీని ధర ఎంతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూపించింది. అది 1973 నాటి ఆరు సూత్రాల పథకంలో ఇచ్చిన మాట ప్రకారం 1974లో వచ్చిన యూనివర్సిటీ. మొయినాబాద్‌కు ఉస్మానియా కంటే అదే దగ్గర. అక్కడ 2008లో తమిళనాడు నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ అనే భౌతికశాస్త్ర స్కాలర్ ప్రాణం తీసుకున్నాడు. పందులు కాసుకునే కులం నుంచి అంతదూరం చదివి వచ్చినవాడు. అతనికి గైడును కేటాయించనే లేదు. 2013లో మాదరి వెంకటేశ్ చనిపోయినప్పుడు కూడా ముందుకొచ్చింది గైడు ముచ్చటే. 2016 జనవరి 17న రోహిత్ వేముల. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు అతనికి రావాల్సి ఉండె. అతన్నీ, మరో నలుగురు దళిత విద్యార్థులనూ హాస్టళ్ల నుంచి వెళ్లగొడితే వాళ్లు ఆరుబయట గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. వెలివాడ అంటే ఏమిటో మనకు ఎవరూ వివరం చెప్పాల్సిన పని లేదు.

రోహిత్ పోయిన తర్వాత మన ఊళ్లలో కొందరు తల్లులు పిల్లలను వెనక్కి పిలిపించుకున్నారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ వెనక్కి వచ్చిన పిల్లల సంగతి చూడండి. వాళ్లను ఊళ్లో అందరూ ఫెయిలైండు అంటున్నారు. చదువు రాక వచ్చిండని సొంత మేనమామలే ఎగతాళి చేస్తున్నారు. ఒక తమ్ముడు రెండేండ్లుగా మధ్యాహ్నం పూట ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఏమైందిరా అని ఒక్కసారి పక్కన కూర్చొని అడిగినవాళ్లు లేరు. అడిగితే వాడు చెప్పింది ఇది: వరుసగా మూడుసార్లు సినాప్సిస్ ఇస్తే మూడుసార్లు చదవకుండానే తిరిగిచ్చిండ్రు. కాగితాల మధ్యలో వాడు కావాలనే పెట్టిన వెంట్రుక పెట్టినచోటనే ఉన్నదట.

ఈ మధ్య ఎస్సీ వర్గీకరణ వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలు. ఎవరికి ఎన్ని సీట్లని వాడవాడలో లెక్కలు కడుతున్నారు. కట్టాల్సిందే. కాని ఆ సీట్లలో కూర్చున్నవాళ్లలో ఎందరు సర్టిఫికెట్‌తో బయటికి వచ్చారు, ఎందరు మధ్యలో పోయారు అన్న లెక్క మాల సంఘం దగ్గరా లేదు, మాదిగ సంఘం దగ్గరా లేదు. గైడు రూము బయట బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటున్నారు.

సంఘాల నాయకులకు ఒక కటువైన మాట. మీకు క్యాంపస్ ఎప్పుడు గుర్తొస్తది? సభకు జనం కావాల్నంటే, నినాదాలిచ్చే గొంతులు కావాల్నంటే, లేకుంటే శవం లేచినప్పుడు. మధ్యలో గడిచే రోజులు మీకు పట్టవు. పిల్లలు ఈ మాట మొహం మీదే అన్నారు. 1969లో ఉస్మానియా విద్యార్థులే, 2009లో ఉస్మానియా విద్యార్థులే. ఆర్ట్స్ కాలేజీ ముందు జరిగిన సభలతో ఎందరు మంత్రులయ్యారో లెక్క లేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలు మాత్రం 1980ల చివరి నుంచి లేవు. పైగా 2025 మార్చిలో డిపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో ధర్నాలు, నినాదాలు కూడదని సర్క్యులర్ తెచ్చారు. నినాదం వాళ్లను కుర్చీ ఎక్కించినన్ని రోజులు మంచిది. 2025 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అక్కడికే వచ్చి ఉస్మానియాకు వెయ్యి కోట్లు అన్నాడు. రానీ, సంతోషమే. ఆ వెయ్యి కోట్లలో కొత్త బిల్డింగ్‌కు ఎంత, అధ్యాపకుల భర్తీకి ఎంత, హాస్టల్ గదులకు ఎంత అని అడిగే పని మనది. అంబేద్కర్‌కు 1953 జనవరిలో గౌరవ డాక్టరేట్ ఇచ్చిన యూనివర్సిటీ అది. ఆ ఫొటో గోడకు పెట్టుకుంటే సరిపోదు, ఆయన జాతి పిల్లలకు మామూలు డాక్టరేట్ ఇయ్యడానికి ఎన్నేండ్లు పడుతుందో కూడా చెప్పాలె.

చేయగలిగిన పనులున్నాయి. యూజీసీ 2012లో నిబంధనలు పెట్టింది, ప్రతి యూనివర్సిటీలో సమాన అవకాశాల విభాగం ఉండాలె, వివక్ష ఫిర్యాదులు చూడటానికి ఒక అధికారి ఉండాలె అని. 2026 జనవరిలో వాటి బదులు కొత్త నిబంధనలు తెస్తే, ఆ నెలాఖరులోనే సుప్రీంకోర్టు వాటిని నిలిపి 2012 నాటివే నడపమన్నది. మేం మాట్లాడిన పిల్లల్లో ఒక్కరికి కూడా తమ యూనివర్సిటీలో ఆ అధికారి ఎవరో తెలియదు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, ఊళ్లో కూర్చొనే పెట్టొచ్చు. ఆ అధికారి ఎవరు, గత ఐదేండ్లలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏం చేశారు అని అడగండి. పీహెచ్‌డీలో చేరిన ఎస్సీ విద్యార్థుల్లో గైడు లేకుండా ఎందరున్నారు, ఎన్ని నెలల నుంచి లేరు అని అడగండి. ఖాళీ పోస్టుల్లో ఎస్సీ రోస్టర్‌వి ఎన్ని అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాలని చట్టమే చెప్తున్నది. జవాబు రాకపోయినా నష్టం లేదు, అడిగేటోళ్లు ఉన్నారని లోపల తెలుస్తుంది. గైడు పిలిచి ఎవరయ్యా అడిగింది అంటే, మా ఊరి సంఘమట సార్, నాకు తెల్వదు అని పిల్లగాడు చెప్పుకోవచ్చు.

ఊళ్లో ఉన్న పెద్దలకు చెప్పేది ఇంకా చిన్న పని. సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికొస్తారు. కొలువెప్పుడని అడగకండి. మీ గైడు ఎవరు, కలిసి ఎన్ని రోజులైంది, స్కాలర్‌షిప్పు ఏ నెల దాకా వచ్చింది, ఏ రూములో పండుకుంటున్నవు, ఈ నాలుగు అడగండి. చెప్పింది ఒక కాగితం మీద రాసి సంఘం దగ్గర పెట్టండి, ఒక కాపీ మాకు పంపండి. పేర్లు అచ్చు వేయం. చదువు ఆపి వచ్చినవాళ్ల కాగితాలు ముందు పంపండి. టీసీ కాలేజీలోనే ఆగిపోయినవాళ్లు చేరిన తేదీ, హాల్‌టికెట్ నంబరు, రావాల్సిన స్కాలర్‌షిప్పు ఏ ఏడాదిదో తప్పకుండా రాయాలె. వచ్చే సంచికలో సమాచార హక్కు దరఖాస్తు నమూనా తెలుగులో అచ్చు వేస్తున్నాం, చింపుకొని వాడుకోవచ్చు.